గుండీల డబ్బాలో మూడు సిమ్ములు

ఆ ఆదివారం పొద్దున దర్జీ వేసుకున్న పథకం చాలా చిన్నది. మూడు చవక కంపెనీల సిమ్ములు తెచ్చి ఉంచాడు. వాటిని ఇంట్లో ప్రతి గదిలోనూ పెట్టి చూడాలి. దేనికి సిగ్నల్ గీతలు ఎక్కువొస్తే ఇంటిల్లిపాదీ దానికి మారిపోవాలి. పదకొండు కొట్టేలోగా ఇల్లాలి ఫోను ఇల్లాలి చేతికి ఇచ్చెయ్యాలి. చొక్కా కత్తిరించడంకన్నా తేలికనుకున్నాడు.

పదకొండింటి గొడవ ఎందుకంటే, ఇల్లాలి అన్నయ్య ఆ వేళకి ఫోను చేస్తానన్నాడు. ఆరేళ్ళ తర్వాత.

నిజానికి ఆయన పోయిన వారమే రెండుసార్లు చేశాడట. రెండుసార్లూ ఆ ఫోను అందుబాటులో లేదని ఎవరిదో ఆడగొంతు చెప్పింది. చెల్లెలే కావాలని కట్టేసి కూర్చుందని ఆయన మనసు విరిగింది. ఆ సంగతి ఆయన భార్య తన కూతురికి చెప్పింది, ఆ పిల్ల దర్జీ కూతురికి చెప్పింది, ఈ పిల్ల వచ్చి తల్లికి చెప్పింది. పెద్దవాళ్ళకి మాటల్లేకపోయినా పిల్లలు మాత్రం ఆరేళ్ళూ ఫోన్లు మానలేదు. ఆఖరి కబురు ఇది: ఆదివారం పదకొండింటికి ఒక్కసారి చేస్తాడు, కలిస్తే కలిసినట్టు, లేకపోతే ఇక నాకు చెల్లెలు లేదనుకుంటానన్నాడు.

ఆ కబురు విన్న దగ్గర్నుంచీ ఇల్లాలికి అన్నం సయించడం లేదు. దర్జీకి సయిస్తోంది గానీ అరగడం లేదు. ఎందుకంటే అన్నా చెల్లెళ్ళ మధ్య మాట తెగడానికి కారణం తనే.

ఆరేళ్ళ కిందట బావగారికి ఆఫీసులో పెద్ద కుర్చీ వచ్చింది. సన్మానానికి వేసుకోవడానికి దర్జీ ఒక కోటు కుట్టాడు. వేదికమీద ఆయన వంగి సంతకం పెట్టబోయేసరికి నడివీపు కుట్టు మెడనుంచి నడుందాకా పర్రుమంది. మర్నాడు ఆయన కోటు పట్టుకుని, ఇంటి ముందున్న దర్జీ కొట్టుకి వచ్చాడు. అప్పుడు కొట్లో అయిదారుగురు ఉన్నారు. దర్జీకి ఒక అలవాటు ఉంది. కొలిచేటప్పుడు కొలత పైకి గట్టిగా చదువుతాడు, వెనకాల ఇల్లాలు పుస్తకంలో రాసుకుంటుంది. ఆ రోజు పాత పేజీ తీసి "నడుము ముప్పై ఆరు" అని చదివాడు. టేపు తీసి బావగారి నడుంచుట్టూ వేసి, అదే గొంతుతో "నలభై ఒకటి" అని చదివాడు. అక్కడితో ఆగినా బాగుండేది.

"కుట్టు తప్పు కాదు బావా, పొట్ట తప్పు," అన్నాడు.

కొట్లో ఉన్నవాళ్ళు నవ్వారు. బావగారు కోటు చంకన పెట్టుకుని మెట్లు దిగిపోయాడు. మళ్ళీ ఎక్కలేదు. మొదటి ఏడాది ఇల్లాలు ఫోన్లు చేసి చేసి, ఆయన తియ్యక, చివరికి మానేసింది.

అందుకని ఈసారి తప్పు జరక్కూడదు. దర్జీ బాగా ఆలోచించాడు. ఇంట్లో అందరిదీ ఒకటే కంపెనీ. తన ఫోనుకి ఎప్పుడు చూసినా నాలుగు గీతలుంటాయి. ఇల్లాలి ఫోనుకి ఎప్పుడు చేసినా కలవదు. దీన్నిబట్టి ఆ కంపెనీ మగవాళ్ళని ఒకలాగ, ఆడవాళ్ళని ఒకలాగ చూస్తోందని తేల్చాడు. అలాంటి కంపెనీతో మనకేం పని అనుకున్నాడు.

ఫోన్ల విషయంలో ఇంట్లో ఆడవాళ్ళకి తను చేసిన లోటేమీ లేదు. పోయినేడాది కూతురి ఫోను నీళ్ళ బకెట్లో పడ్డప్పుడు, కూతురికీ, ఇల్లాలికీ, తన తల్లికీ మూడు సంచీలు కుట్టి ఇచ్చాడు. పైన ముఖమలు. లోపల, ఇస్త్రీబల్ల తొడుగుకి వాడగా మిగిలిన వెండిరంగు గుడ్డ, రెండు వరసలు. మూతకి గట్టి గుండీ. వేడి దూరదు, తడి దూరదు, దుమ్ము దూరదు. ఇల్లాలి సంచీమీద అదనంగా ఎర్ర దారంతో చిన్న పువ్వు కూడా వేశాడు. తనకి మాత్రం కుట్టుకోలేదు. దర్జీ చొక్కాకి గుండీ ఉండదు కదా. తన ఫోను జేబులోనే ఉంటుంది.

తొమ్మిదింటికి కూతుర్ని కూర్చోబెట్టి మూడు కంపెనీల కాగితాలూ ముందు పరిచాడు.

"చదవ్వే. నేను రాసుకుంటాను."

"పసుపు కంపెనీది ఇరవై ఎనిమిది రోజులు నాన్నా. రోజుకి ఒక జీబీ. పచ్చ కంపెనీదీ ఇరవై ఎనిమిదే. రోజుకి ఒకటిన్నర."

"ఇరవై ఎనిమిదేంటి? నెలంటే ముప్పై కదా?"

"కంపెనీలకి నెలంటే ఇరవై ఎనిమిదే."

"అయితే వాళ్ళకి ఏడాదికి పదమూడు నెలలన్నమాట. నేను మీటరుకి తొంభై మూడు సెంటీమీటర్లు కొలిచి ఇస్తే జనం ఊరుకుంటారా? కత్తెర లాక్కుని నన్నే కత్తిరిస్తారు."

"ఊదా కంపెనీది అన్‌లిమిటెడ్."

"అంటే?"

"ఎంత కావాలంటే అంత వాడుకోవచ్చు." కూతురు కాగితం అడుగున చీమల్లాంటి అక్షరాలు చూసింది. "రెండు జీబీల దాకా. తర్వాత నెమ్మదిస్తుందిట."

"ఎంతైనా తిను, రెండో ముద్ద తర్వాత నోరు కుట్టేస్తానన్నట్టుంది," అని, దర్జీ కొలతల పుస్తకంలో కొత్త పేజీ తీశాడు. అలవాటు కొద్దీ మూడు కంపెనీలనీ మనుషుల్లాగే రాసుకున్నాడు. పసుపు: పొడవు ఇరవై ఎనిమిది, చుట్టు ఒకటి. పచ్చ: పొడవు అంతే, చుట్టు ఒకటిన్నర. ఊదా: మొదట్లో వదులు, తర్వాత బిగుతు.

"నీ ఫోను కూడా ఇయ్యి. నాలుగింట్లో పెట్టి చూద్దాం."

"నేనివ్వను బాబోయ్. స్నేహితురాలింటికి వెళ్తున్నా." కూతురు చెప్పులేసుకుంటూ వెనక్కి తిరిగింది. "నాన్నా, పాత సిమ్ములు మూడూ ఒకేలా ఉంటాయి. విడివిడిగా కాగితాల్లో చుట్టి పేర్లు రాయి. కలిసిపోతాయి."

"ముప్పై ఏళ్ళుగా వీధి వీధంతా బట్టలు కుడుతున్నాను. ఒకరి చొక్కా ఇంకొకరికి ఇచ్చానా? మూడు సిమ్ములు కలిసిపోతాయా నాకు?"

ఆ మాట అని, దర్జీ తనకి తెలిసిన పద్ధతిలోనే పెట్టాడు గుర్తులు. తన సిమ్ము తీసి దానిమీద సుద్దతో ఒక గీత గీశాడు. ఇల్లాలి సిమ్ముమీద రెండు గీతలు. తల్లి సిమ్ముమీద మూడు. గుడ్డమీద సుద్ద గీత ఉతికేదాకా పోదు. మూడింటినీ పక్కనే ఉన్న గుండీల డబ్బాలో వేసి మూత బిగించాడు.

"నా ఫోను పదకొండుకల్లా..." అని లోపలినుంచి ఇల్లాలు మొదలుపెట్టింది.

"పదిన్నరకే నీ చేతిలో ఉంటుంది. నాది పూచీ."

"మీ పూచీ సంగతి నాకు తెలీదా," అంది ఆవిడ. కానీ ఫోను సంచీతో సహా ఇచ్చింది. ఆ ఇవ్వడం కూడా పసిపిల్లని పక్కింటివాళ్ళ చేతికి ఇస్తున్నట్టు ఇచ్చింది.

కొలతలు మొదలయ్యాయి. పసుపు సిమ్ము తన ఫోనులో, పచ్చ ఇల్లాలి ఫోనులో, ఊదా తల్లి ఫోనులో. ముందు వంటగది. టేపు తీసి కిటికీనుంచి గ్యాసుపొయ్యి దాకా దూరం కొలిచాడు, ఏడడుగుల నాలుగంగుళాలు. పసుపుకి నాలుగు గీతలు, ఊదాకి నాలుగు. పచ్చకి సున్నా. పుస్తకంలో రాశాడు. పనితనం ఉన్న మనిషి కనక, సిమ్ము వెయ్యగానే ఒకసారి, ఒక్కో గదిలో చూడటం కాగానే ఒకసారి ఇల్లాలి ఫోనుని జాగ్రత్తగా సంచీలో పెట్టి, గుండీ బిగించి, పక్క గదికి తీసుకెళ్ళి, మళ్ళీ తీసి చూసేవాడు. పడకగదిలో పచ్చకి సున్నా. వెనక వసారాలో సున్నా. సంచీలోంచి తీసి కాసేపు అలాగే పట్టుకుంటే ఒక గీత, రెండు గీతలు లేచేవి గానీ, అలా ఆలస్యంగా లేచే గీతల్ని దర్జీ లెక్కలోకి తీసుకోలేదు. పిలిస్తే పలకాలి గానీ, పిలిచి వెళ్ళిపోయాక పలికితే ఏం లాభం?

"పచ్చ కంపెనీ పనికిరాదు," అని పెద్దగా ప్రకటించాడు.

ఎందుకైనా మంచిదని సిమ్ములు మార్చి రెండో విడత మొదలుపెట్టాడు. ఈసారి ఊదా ఇల్లాలి ఫోనులోకి వచ్చింది, పచ్చ తల్లి ఫోనులోకి వెళ్ళింది. ఇందాకటిదాకా చచ్చినట్టు పడున్న పచ్చ ఒక్కసారిగా నాలుగు గీతలూ లేపింది. ఇందాకటిదాకా భేషుగ్గా ఉన్న ఊదా సున్నాకి పడింది. దర్జీ పుస్తకంలో కొట్టేసి, తిరగరాసి, మళ్ళీ కొట్టేసి, తల గోక్కున్నాడు.

"ఒరేయ్, ఏంట్రా ఆ గదుల చుట్టూ ప్రదక్షిణాలు?" అంది వీధరుగు మీదనుంచి తల్లి.

"కంపెనీలు అబద్ధాలాడుతున్నాయమ్మా. పదింటికి ఒక మాట, పది ముప్పావుకి ఒక మాట."

"నా ఫోను బానే ఉందిరా. దాన్నెందుకు ఇబ్బంది పెడతావు? నా చెల్లి చేసే వేళయింది, ఇచ్చెయ్."

పది ముప్పావు! గోడమీద గడియారం చూశాడు దర్జీ. పరిగెత్తి గుండీల డబ్బా మూత తీశాడు. సుద్ద గీతలు గుడ్డని పట్టుకున్నట్టు సిమ్ముని పట్టుకోవని, డబ్బాలో నాలుగొందల గుండీలు ఉన్నాయని, ఆ డబ్బా తను కొలతకి అడ్డమొచ్చినప్పుడల్లా ఈ బల్లమీంచి ఆ బల్లమీదకి విసురుతూనే ఉన్నానని అప్పుడు తోచింది. గుండీలకి అక్కడక్కడా తెల్లగా సుద్ద అంటింది. సిమ్ములు మూడూ కడిగిన పలకల్లా ఉన్నాయి.

"అయిందా?" అని లోపలినుంచి ఇల్లాలు.

"ఆఁ, అయిపోయింది."

ఒక సిమ్ముని వెలుతురుకి పెట్టి చూశాడు. మూలన ఏదో తెల్లగా కనిపించింది. రెండు గీతలే అనిపించింది. మనిషికి కావలసిందే కంటికి కనిపిస్తుంది. దాన్ని ఇల్లాలి ఫోనులో పెట్టాడు. మిగిలిన రెంట్లో ఒకటి తనకి, ఒకటి తల్లికి వేశాడు. మూడు ఫోన్లకీ గీతలొచ్చాయి. గీతలొచ్చాయి గనక సరిగ్గానే వేశానని తృప్తిపడ్డాడు.

ఇల్లాలు ఫోను తీసుకుని వంటింటి బల్లమీద సంచీని దిండులా పరిచి, దానిమీద ఫోనుని పడుకోబెట్టి, ఎదురుగా కూర్చుంది. ఆ కూర్చోవడం చూసి దర్జీకి అక్కడ నిలబడబుద్ధి కాలేదు. బావగారు మాట్లాడుతుండగా తన దగ్గు వినపడినా ఫోను పెట్టేస్తాడేమో.

"ఈ సిమ్ములు తిరిగిచ్చేసి వస్తాను. అమ్మ కొట్లో కూర్చుంటుందిలే," అని చెప్పి బయటపడ్డాడు.

వీధి చివర గొడుగు కింద సిమ్ములమ్మే మనిషి బల్లమీద కాగితాలు ఎగరకుండా నాలుగు రాళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు. దర్జీ కొలతల పుస్తకం అతని ముందు పెట్టాడు.

"ఏంటయ్యా ఇవి? ఒక్కటీ నిలకడగా లేదు. మూడింట్లో ఏది మంచిదో నిజం చెప్పు."

అతను పుస్తకం చూసి నోరు తెరిచాడు. "కిటికీకీ పొయ్యికీ దూరం కూడా రాశారే! ఇంత కష్టం ఎందుకు పడ్డారండీ? మూడింటికీ టవరు ఒకటే. పెద్ద కంపెనీ టవర్ని వీళ్ళు ముగ్గురూ అద్దెకి తీసుకున్నారు."

"పెద్ద కంపెనీ అంటే?"

"ఇప్పుడు మీ దగ్గరున్నదే."

దర్జీ కొలతల పుస్తకం మూసేశాడు. "మరి ఇన్ని రంగులెందుకయ్యా?"

"ఒకే తానులో గుడ్డ చింపి మీరు నలుగురికి నాలుగు రకాల చొక్కాలు కుట్టరా? ఇదీ అంతే."

ఆ మాటకి జవాబు వెతుక్కుంటుండగా జేబులో ఫోను మోగింది. తీసి చూశాడు. 'బావగారు' అని ఉంది.

ఆరేళ్ళలో ఆ పేరు చెరపాలని ఎన్నోసార్లు అనుకున్నాడు. చేతులు రాలేదు. ఇవాళ ఆ పేరు తెరమీద వెలుగుతూ ఆరుతూ తనని పిలుస్తోంది. ఇల్లాలికి చెయ్యాల్సిన మనిషి తనకి చేస్తున్నాడు! ముందు మగవాళ్ళం తేల్చుకుందాం, తర్వాతే చెల్లెలు అనుకున్నాడు కాబోలు. ఎంత పెద్ద మనసు! దర్జీ గబుక్కున ఫోను చెవికి పెట్టుకున్నాడు.

"బావా!" అన్నాడు.

అవతల చప్పుడు లేదు.

"బావా, నువ్వేనా? ముందు నాకు చేశావా?"

అవతలి మనిషి ఏదో అనబోయి ఆగినట్టు వినపడింది. "నేను... ఆఁ... చేశాను," అన్నాడు చివరికి.

"నువ్వు చేస్తావని నేను కలలో కూడా అనుకోలేదు. ఇదిగో, నువ్వు ఒక్క మాట కూడా మాట్లాడకు. ముందు నేను చెప్పాల్సింది చెప్పనీ. ముందుచూపున్న దర్జీ ఎవడైనా కోటుకి కుట్ల లోపల అంగుళం గుడ్డ వదులుతాడు. మనిషన్నాక పండక్కోసారి పెరుగుతాడు, జ్వరమొస్తే తగ్గుతాడు. నేను వదల్లేదు. గుడ్డ కలిసొస్తుందని బిగించి కుట్టాను. ఆరేళ్ళుగా ఏ కోటు పట్టుకున్నా నీ వీపే కనపడుతోంది బావా. తప్పు నాది. పొట్టది కాదు."

గొడుగు కింద మనిషి సిమ్ములు సర్దడం ఆపేసి చెవి ఇటు పెట్టాడు.

అవతల ముక్కు చీదిన చప్పుడు.

"కొంచెం పొట్టది కూడా ఉందిలే బావా," అన్నాడు ఆయన.

"లేదు లేదు, దానికేం తెలుసు పాపం."

"సన్మానం ముందు వారం రోజులూ ఎవడు పిలిస్తే వాడింట్లో తిన్నాను. నువ్వు కొలిచింది దానికి ముందు. నాకు తెలుసు. కానీ నలుగురిలో పైకి చదివావు చూడు, అది..."

"చదవకుండా ఉండాల్సింది."

"సరేలే. చెల్లెలు ఏం చేస్తోంది?"

"వంటింట్లో నీ ఫోను కోసం... అదే, నీ కోసం ఎదురుచూస్తోంది."

"అరగంటలో వస్తున్నాం. ఆ కోటు కూడా తెస్తాను. పారెయ్యలేదు," అని ఆయన పెట్టేశాడు.

దర్జీ ఇంటికి నడిచి రాలేదు, తేలి వచ్చాడు. వంటింటి గుమ్మం దగ్గరికొచ్చేసరికి, ఇల్లాలు బల్లమీద తల వాల్చి ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. గడియారంలో పదకొండుంపావు.

"చెయ్యలేదండీ," అంది. "అయిపోయింది. ఇంక నేను లేనట్టే అన్నయ్యకి."

"చెయ్యకపోవడమేంటి? చేశాడు! నాకు చేశాడు!"

ఆవిడ తలెత్తి చూసింది. "మీకా? మీకెందుకు చేస్తాడు?"

ఆ అడగడంలో ఉన్న ఆశ్చర్యం దర్జీకి సూదిలా గుచ్చుకుంది. "ఏం, నాకు చెయ్యకూడదా? 'ముందు నాకు చేశావా' అంటే 'చేశాను' అన్నాడు. స్వయంగా."

"నాకూ ఒక ఫోనొచ్చింది. మోగీమోగగానే తీసి 'అన్నయ్యా' అని ఏడ్చేశాను. తీరా చూస్తే చిన్నత్తయ్య. ఆవిడ అత్తయ్యకి చేశారుట. నేను తీశాను. 'అక్కా, ఎందుకే ఏడుస్తున్నావు?' అని ఆవిడా ఏడ్చారు." ఇల్లాలు కళ్ళు తుడుచుకుని ఫోను చేతిలోకి తీసుకుంది. "అత్తయ్య నంబరుకి చేస్తే నా ఫోను ఎందుకు మోగిందండీ?"

తల్లి సిమ్ము ఇల్లాలి దగ్గరుంటే, ఇల్లాలి సిమ్ము ఎవరి దగ్గరుంది? దర్జీ జేబు తడుముకున్నాడు.

"అంటే..." అన్నాడు నెమ్మదిగా, "ఆయన నాకు చెయ్యలేదా?"

"చెల్లెలికి చేస్తే మీరు తీశారు."

"మరి చేశానన్నాడే!"

"ఆయన చేసింది నిజమే కదా. మీరు ఏమన్నారు?"

దర్జీ గోడవైపు తిరిగాడు. "తప్పు నాదన్నాను."

"ఇంకా?"

"పొట్టది కాదన్నాను."

ఆరేళ్ళుగా ఆ ఒక్క మాట అనిపించడానికి ఇల్లాలు అలిగింది, బతిమాలింది, రెండు పూటలు పస్తు కూడా ఉంది. ఈ మనిషి ఉలకలేదు, పలకలేదు. ఇవాళ ఎవరూ అడక్కుండా, గొడుగు కింద నడివీధిలో, సిమ్ము తప్పు వేసి చెప్పేశాడు. ఆవిడకి నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండింట్లో ఏది ముందు రావాలో తెలీక ఎక్కిళ్ళు వచ్చాయి.

"ఇంకోటుంది," అంది మంచినీళ్ళు తాగి. "చిన్నత్తయ్య అంటారూ, 'అక్కా, మీవాడు కుట్టిన ఆ సంచీ పారేశావు గనక ఇప్పుడు నీ ఫోను కలుస్తోంది. అందులో ఉన్నన్నాళ్ళూ నీకు ఒక్క ఫోను కలిసిందా?' అని."

దర్జీ గబగబా వెళ్ళి తల్లి సంచీ వెతికాడు. తలగడ పక్కనే ఉంది. గుండీ విప్పితే అందులో కళ్ళజోడు, నాలుగు మాత్రలు. కూతురి గదిలో చూశాడు. ఆ పిల్ల సంచీలో జడపిన్నులున్నాయి. ఇద్దరూ ఎప్పుడో ఫోన్లు బయటికి తీసేశారు. తను చిన్నబుచ్చుకుంటాడని చెప్పలేదు. వంటింట్లోకి తిరిగొచ్చి బల్లమీదున్న ఎర్ర పువ్వు సంచీ తీసుకుని, ఇల్లాలి ఫోను అందులో పెట్టి, గుండీ బిగించి, కాసేపుంచి తీశాడు. సున్నా.

వేడి దూరని ఆ వెండిరంగు గుడ్డలోకి సిగ్నలూ దూరదు. పొద్దుటినుంచీ ఇంటిని అంగుళం అంగుళం కొలిచాడు. తను కుట్టిన సంచీని మాత్రం కొలవలేదు.

"వాళ్ళిద్దరూ తీసేశారు," అన్నాడు. "నువ్వెందుకు తియ్యలేదు?"

"మీరు పువ్వేశారు కదా," అంది ఇల్లాలు.

మొదటిసారి కుట్టు విడిపోయి అన్నా చెల్లెళ్ళని విడదీసింది. రెండోసారి కుట్టు మరీ బిగిసి, కలవబోతున్న వాళ్ళని కలవనివ్వలేదు.

ఆ దిగులు పూర్తిగా పడకముందే కొట్లోంచి తల్లి కేక వినపడింది. "ఒరేయ్, జనం వచ్చారు రా!"

ఒకటో రెండో కాదు, ఏడుగురు. మెట్లమీద ఇద్దరు, లోపల అయిదుగురు. ముసలావిడ మిషను పక్కన కూర్చుని, చేతిలో ఫోనుతో, మహారాణిలా వెలిగిపోతోంది.

"ఇవాళ నా ఫోనుకి భలే గిరాకీరా! అందరూ నాకే చేస్తున్నారు. 'మా ప్యాంటు అయిందా, మా చొక్కా అయిందా' అని. పాపం, ఎంత మర్యాదగా అడుగుతున్నారో!"

దర్జీ సిమ్ము ఎక్కడుందో ఇప్పుడు వేరే చెప్పక్కర్లేదు.

"నువ్వేం చెప్పావమ్మా?"

"ఉన్నమాటే చెప్పాను. నీ ప్యాంటు మూడు రోజులనుంచీ కొయ్యకి వేళ్ళాడుతోంది నాయనా, వచ్చి తీసుకుపో, మావాడికి 'రేపు' అనడం అలవాటు అని."

పని అయినా సరే, అడిగిన మొదటిసారి "రేపు" అనడం ఆ వృత్తికి మర్యాద. వెంటనే ఇస్తే పని లేని దర్జీ అనుకుంటారు. ముప్పై ఏళ్ళుగా కాపాడుకొచ్చిన ఆ మర్యాద పావుగంటలో మంట కలిసింది. ఏడుగురూ దర్జీని ఒక రకంగా చూస్తున్నారు.

"మూడు రోజులేనా, ఇంకా ముందా?" అన్నాడు బడిపంతులు, తన ప్యాంటుని కొయ్యమీంచి తనే తీసుకుంటూ.

దర్జీ ఒక్కొక్కరి బట్టలూ తీసి ఇస్తుండగా, వాళ్ళ వెనకాల మెట్లెక్కుతూ బావగారు వచ్చాడు. చంకలో పాత సంచీ. వెనకాల ఆయన భార్య. ఆరేళ్ళలో ఆయన జుట్టు తగ్గింది. మిగతాదేదీ తగ్గలేదు.

కొట్లో అందరూ తప్పుకుని దారిచ్చారు. ఇల్లాలు లోపలినుంచి పరిగెత్తుకొచ్చి అన్నయ్య చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ ఒకర్నొకరు "చిక్కిపోయావు" అనుకున్నారు. అది ఇద్దరి విషయంలోనూ అబద్ధమే.

"నీ ఫోనుకి చేస్తే బావ తీశాడమ్మా," అన్నాడు ఆయన. "నీకంటే ముందు తనే మాట్లాడాలని కాచుకు కూర్చున్నాడు చూడు, అక్కడే నాకు మనసు కరిగిపోయింది."

దర్జీ ఇల్లాలి వంక చూశాడు. ఇల్లాలు దర్జీ వంక చూసింది.

"పొద్దుటినుంచీ అదే పనిమీద ఉన్నారన్నయ్యా," అంది ఆవిడ. "గదులన్నీ తిరుగుతూ."

బావగారు సంచీలోంచి కోటు తీశాడు. నడివీపు ఆ రోజు చిరిగినట్టే చిరిగి ఉంది. దర్జీ దాన్ని రెండు చేతులా అందుకుని బల్లమీద పరిచాడు. తర్వాత మెడలోంచి టేపు తీశాడు. కొట్లో అందరూ, ఆ రోజు నవ్విన బడిపంతులుతో సహా, ఊపిరి బిగబట్టారు. బావగారు కళ్ళు మూసుకున్నాడు. ఇల్లాలు కొలతల పుస్తకం తీసుకుని, పచ్చ పసుపు ఊదా పేజీ తిప్పి, కొత్త పేజీలో పెన్సిలు పెట్టింది.

టేపు నడుంచుట్టూ వచ్చి కలిసింది. దర్జీ ఒకసారి చూశాడు. మళ్ళీ చూశాడు.

"నడుము," అన్నాడు, వీధి చివరిదాకా వినపడేంత గట్టిగా. "ముప్పై ఆరు!"

అంటూనే, బావగారి వీపు వెనకాలనుంచి ఇల్లాలికి రెండు చేతులూ చూపించాడు. ఈ చేతికి నాలుగు వేళ్ళు, ఆ చేతికి నాలుగు వేళ్ళు. ఆవిడ తల దించుకుని నలభై నాలుగు అని రాసుకుంది.

"చూశారా," అన్నాడు బావగారు కళ్ళు తెరిచి, కొట్లో అందరి వంకా తిరిగి. "మారలేదు!"

ఎవరూ నవ్వలేదు. బడిపంతులు మాత్రం ప్యాంటులో ముఖం పెట్టుకుని మెట్లు దిగిపోయాడు.

కోటు కొలతలు అవుతున్నంతసేపూ బావగారి ఫోను మోగుతూనే ఉంది. మోగినప్పుడల్లా ఆయన ఉలిక్కిపడి నిటారుగా నిలబడి "సార్, ఆదివారం సార్, చూస్తాను సార్," అంటున్నాడు. మూడోసారి పెట్టేసి, చెమట తుడుచుకుని, వంటింట్లోకి తొంగిచూశాడు.

"ఆ బల్లమీద ఎర్ర పువ్వు సంచీ ఏంటి బావా?"

"ఏదో దిక్కుమాలినది కుట్టాను. అందులో పెడితే ఫోను కలవదు. నీ రెండు ఫోన్లూ కలవకపోవడానికి అదే కారణం."

బావగారు కోపం తెచ్చుకుంటాడని దర్జీ చూస్తున్నాడు. ఆయన సంచీని చేతిలోకి తీసుకున్నాడు. తన ఫోను అందులో పెట్టి, గుండీ బిగించాడు. ఒక నిమిషం విన్నాడు. రెండు నిమిషాలు విన్నాడు. ఆయన భుజాలు కిందికి దిగాయి.

"బావా," అన్నాడు మెల్లగా, "కోటు తర్వాత. ముందు నాకిలాంటిది ఒకటి కుట్టు. పువ్వు అక్కర్లేదు. లోపల ఇంకో వరస వెయ్యి."

మరుసటి ఆదివారం పదకొండింటికి ఇల్లాలు అన్నయ్యకి ఫోను చేసింది. ఈసారి ఆవిడ సిమ్ము ఆవిడ ఫోనులోనే ఉంది, ఫోను సంచీ బయటే ఉంది, పువ్వున్న సంచీలో సూదులు దాచుకుంటోంది. ఆయన ఫోను అందుబాటులో లేదని ఆడగొంతు చెప్పింది. ఇల్లాలు నవ్వుకుని పెట్టేసింది.

మిషను దగ్గర దర్జీ ఆ గొంతు విని, కుట్టు గట్టిగానే పడిందని తలూపాడు.